బర్మింగ్‌హామ్ లాకుల్లో లస్కరు కూతురు

అందరికీ నమస్కారం. పిల్లలూ, మీరు ముందు వరసలోకి వచ్చి కూర్చోండి. వెనక నుంచి ఫొటోలు కనపడవు.

గ్రంథాలయం వాళ్లు నన్ను ఇంగ్లండ్ యాత్ర విశేషాలు చెప్పమన్నారు. అక్కడ అబ్బాయి దగ్గర 3 నెలలు ఉన్నాను. చూసినవన్నీ చెప్పడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. అందుకని ఒక్క రోజు గురించే చెబుతాను. ఆ రోజు పొద్దున్న 7 గంటలకు బయల్దేరి, సాయంత్రానికి బర్మింగ్‌హామ్ నగరం నడిబొడ్డు నుంచి పడవలో 24 లాకులు దిగాం.

నా ఈడు వాళ్లకి తెలుసు, మా నాన్నగారు కాలవ మీద లాకు లస్కరు, అంటే పడవలు వస్తే లాకు తలుపులు తెరిచి మూసే ఉద్యోగి. ఇరిగేషన్ వాళ్లిచ్చిన రెండు గదుల క్వార్టరు, వాకిట్లోకి వస్తే లాకు. నేను పుట్టి పెరిగింది అక్కడే. రాత్రి ఏ వేళప్పుడో పడవ వాళ్లు గట్టు మీద నుంచి కేకేస్తే నాన్న లాంతరు పట్టుకుని లేచి వెళ్లేవారు. ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు, పెళ్లివారి పడవలు. తలుపులు కిర్రుమన్న చప్పుడు వింటూ మళ్లీ నిద్రపోయేదాన్ని. తర్వాత చదువుకుని, ఫిజిక్స్ టీచరునై, 31 ఏళ్లు పాఠం చెప్పాను. కానీ నా బతుకులో ఒక్క లాకు తలుపు కూడా నా చేత్తో తెరవలేదు. ఆడపిల్లని ఆ అంచు దగ్గరికి రానిచ్చేవారు కాదు. 66 ఏళ్ల వయసులో, పరాయి దేశంలో తెరిచాను. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే అందుకు.

పిల్లలకి లాకు అంటే ఏమిటో చెప్పాలి కదా. లొల్ల లాకులు మీరంతా చూసే ఉంటారు. సినిమా షూటింగులు జరిగే చోటనీ, ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుని వస్తూ ఆగి ఫొటోలు దిగే చోటనీ తెలుసు. అసలు అది ఎందుకు కట్టారో అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. నీళ్లకి వాలు ఉంటే పారతాయి, పడవకి మాత్రం వాలు పనికిరాదు. నేల పల్లం అయినచోట కాలవని మెట్లు మెట్లుగా కట్టి, ఒక్కో మెట్టు దగ్గర రాతితోనో ఇటుకతోనో ఒక తొట్టి కడతారు. తొట్టికి పైవైపు తలుపు, కిందివైపు తలుపు. పడవ తొట్టిలోకి వచ్చాక పై తలుపు మూసి, కింది తలుపుకున్న చిన్న పలక పైకెత్తుతారు. తొట్టిలో నీళ్లు మెల్లగా కిందికి పోతాయి. నీళ్లతో పాటే పడవ దిగుతుంది. నీటిమట్టం రెండువైపులా సమానం అయ్యాక కింది తలుపులు తెరిస్తే పడవ బయటికి పోతుంది. ఎక్కాలంటే ఇదే తిరగేసి చేయాలి. కరెంటు లేదు, మోటారు లేదు. నీటి బరువే మొత్తం పని చేస్తుంది.

ఇక బర్మింగ్‌హామ్ సంగతి. ఆ ఊరు సముద్రానికి దూరంగా, మెట్ట మీద ఉంటుంది. చెప్పుకోదగ్గ నది కూడా లేదు. అలాంటి ఊళ్లో ఇన్ని కాలవలు ఎందుకొచ్చాయి అంటే, బొగ్గు కోసం. 1769లో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు తవ్వించిన కాలవ మీద మొదటి బొగ్గు పడవ ఊళ్లోకి వచ్చింది. అప్పటిదాకా బురద రోడ్ల మీద గుర్రాలతో మోసిన బొగ్గు, పడవ మీద వచ్చేసరికి ధర దాదాపు సగానికి పడిపోయిందట. దాంతో కొలుములు, ఫ్యాక్టరీలు కాలవ గట్టుకి అంటుకుని లేచాయి. ఈ బ్రిండ్లీ పెద్దగా చదువుకున్నవాడు కాదు. చిక్కు సమస్య వస్తే రోజుల తరబడి మంచం మీద పడుకుని, మనసులోనే లెక్క తేల్చుకుని లేచేవాడని చెబుతారు. నాకు ఆ మనిషంటే చాలా గౌరవం కలిగింది.

అక్కడి పడవని నారోబోట్ అంటారు, సన్నపడవ అనుకోండి. వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. పొడవు మాత్రం 70 అడుగుల దాకా ఉంటుంది. లాకు వెడల్పు 7 అడుగులు. అంటే పడవకీ గోడకీ మధ్య పక్కకి ఒక్కో అంగుళం. రైలు డబ్బా లాంటి పడవని అంత ఇరుకు సందులోకి నడిపి తీసుకెళ్లడం చూస్తే మొదట్లో గుండె దడదడలాడింది. మేం అద్దెకి తీసుకున్నది 57 అడుగులది. వంటగది, పడకలు, స్నానాల గది అన్నీ అందులోనే. అద్దె పడవ నడపడానికి లైసెన్సు అక్కర్లేదు. బయల్దేరే ముందు ఒక గంట నేర్పి పంపిస్తారు. వేగం గంటకి 4 మైళ్లు దాటకూడదు. గట్టు మీద నడిచే ముసలాయన మనల్ని దాటి వెళ్లిపోతుంటాడు.

నలుగురం ఉన్నాం. అబ్బాయి, కోడలు, 11 ఏళ్ల మనవరాలు, నేను. ముందురోజు రాత్రి గ్యాస్ స్ట్రీట్ బేసిన్ అనే చోట పడవ కట్టాం. 1818లో ఊళ్లో మొదటగా గ్యాస్ దీపాలు పెట్టిన వీధి అదట, పేరు అందుకే వచ్చింది. అక్కడ నీళ్ల మధ్యలో సన్నటి గట్టు ఒకటుంది, వూస్టర్ బార్ అంటారు. దాని వెడల్పు 7 అడుగులే. అటు ఒక కంపెనీ కాలవ, ఇటు ఇంకో కంపెనీ కాలవ. మా నీళ్లు మీకు ఒక్క చుక్క పోకూడదని మధ్యలో అడ్డం పెట్టుకున్నారు. 20 ఏళ్ల పైగా, ఇటు పడవలో సరుకు అటు పడవలోకి మనుషులు చేతులతో ఎత్తి వేశారు. 1815లో గానీ దానికి దారి తెరవలేదు. కాలవ నీళ్ల దగ్గర తగువు ఏ దేశంలోనైనా ఒకలాగే ఉంటుందని నాన్నకి చెప్పగలిగితే ఎంత బాగుండేదో అనుకున్నాను.

పొద్దున్నే టీ తాగి బయల్దేరాం. ఒక పెద్ద వంతెన కింద నుంచి వెళ్తే మూడు కాలవలు కలిసే కూడలి వస్తుంది. నీళ్ల మధ్యలో గుండ్రంగా చిన్న దిబ్బ. ట్రాఫిక్ ఐలాండ్‌లా ఉంటే అలంకారం అనుకున్నాను. కాదట. ఆ కాలవ కింద రైలు సొరంగం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి కాలవ గండి పడితే నీళ్లన్నీ సొరంగంలోకి దూకుతాయి. వెంటనే అడ్డు తలుపులు వేయడానికి వీలుగా ఆ దిబ్బ కట్టారు. అక్కడ కుడికి తిరిగితే ఫార్మర్స్ బ్రిడ్జ్ లాకులు మొదలవుతాయి. సుమారు మైలు దూరంలో 13 లాకులు. మొత్తం 80 అడుగుల దిగుడు. పడవ వాళ్లు దాన్ని 'పాత పదమూడు' అనేవారట.

మొదటి లాకు దగ్గర దిగి, నా చేతిలోకి హ్యాండిల్ తీసుకున్నాను. దీన్ని విండ్లాస్ అంటారు. ఇనప కడ్డీ, మోచేతిలా వంగి ఉంటుంది, ఒక చివర చదరపు కన్నం. ఆ కన్నాన్ని తలుపు మీది ఇరుసుకి తగిలించి తిప్పితే పళ్ల చక్రం కదిలి, నీళ్లలో ఉన్న పలక పైకి లేస్తుంది. నగరం మధ్య లాకులు కాబట్టి, ఆకతాయిలు తెరిచేయకుండా వాటికి తాళాలు కూడా ఉన్నాయి. ఆ తాళం చెవిని హ్యాండ్‌కఫ్ కీ అంటారు. అది తీసి, విండ్లాస్ తగిలించి, తిప్పాను. టిక్, టిక్, టిక్. ఒక్కసారిగా కింద నీళ్లు ఉరికిన శబ్దం. ఆ శబ్దం, ఆ తడి సున్నం, పాచి వాసన. నేను మా క్వార్టరు వాకిట్లో ఉన్నాను. కోడలు వచ్చి, "అత్తయ్యగారూ, ఏమైంది?" అని అడిగేదాకా నేను ఏడుస్తున్నానని నాకే తెలియలేదు.

తలుపు తెరవడానికి పొడవాటి దూలం ఒకటి తలుపు పైనుంచి గట్టు మీదికి చాచి ఉంటుంది. దానికి చేతులు పెట్టి తొయ్యకూడదు. వెనక్కి తిరిగి, నడుము ఆనించి, కాళ్లతో తన్నిపట్టి జరగాలి. దూలం తిరిగే మేర నేల మీద ఇటుకలు కాస్త ఎత్తుగా వరసలు పేర్చి ఉన్నాయి. కాలు జారకుండా ఊతం అన్నమాట. ఎన్ని వేలమంది మడమలు ఆనించారో, ఆ ఇటుకల అంచులు అరిగి నున్నబడ్డాయి. నీటిమట్టాలు సమానం కాకముందు ఎంత తోసినా తలుపు కదలదు. పిల్లలూ, ఇది మీ లెక్క. తలుపు 7 అడుగుల వెడల్పు, నీళ్లలో 6 అడుగుల లోతు అనుకోండి. రెండు వైపులా ఒక్క అంగుళం తేడా ఉంటే చాలు, తలుపు మీద దాదాపు 100 కిలోల ఒత్తిడి. ఆ అంగుళం పోయాక, 11 ఏళ్ల పిల్ల ఒక్కతే తోసేసింది. మనవరాలు ఆ రోజు నేర్చుకున్న ఫిజిక్స్ నేను 31 ఏళ్లలో ఎవరికీ నేర్పలేదు.

మూడో లాకులో భయం తెలిసింది. ఇది కాస్త వివరంగా చెప్తాను.

పడవ కదలకుండా ఉండటానికి తాడుతో పట్టుకోవాలి. మేము పలక ఎత్తే పనిలో ఉన్నాం. అబ్బాయికి ఫోను వచ్చింది. తాడుని గట్టు మీద ఇనప గుంజకి రెండు చుట్లు చుట్టి, ముడి వేసి, ఫోనందుకున్నాడు. లాకు ఖాళీ అవుతోంది, పడవ దిగుతోంది, తాడు మాత్రం దిగదు కదా. ముందు తాడు బిగుసుకుంది. తర్వాత పడవ ఒక పక్కకి ఒరగడం మొదలుపెట్టింది. లోపల గిన్నెలు కింద పడ్డ చప్పుడు. మనవరాలు పడవ ముందు భాగంలో నిలబడి ఉంది. "మామ్మా!" అని ఒక్క కేక పెట్టింది. నేను ఆలోచించలేదండి. చేతిలో హ్యాండిల్ పెట్టి పలక దించేశాను. నీళ్లు ఆగాయి. కోడలు పరుగెత్తి వెళ్లి ఎగువ పలక కొంచెం ఎత్తింది. నీళ్లు మళ్లీ నిండి, పడవ తేలి, తాడు వదులైంది. మొత్తం ఒకటిన్నర నిమిషం ఉంటుంది. అబ్బాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నాన్న కొత్త పడవ వాళ్లకి చెప్పే మాట ఒకటుండేది. "లాకులో తాడు కట్టకు, పట్టుకో." ఆ మాట నేను వెయ్యిసార్లు విని ఉంటాను. అర్థం ఆ రోజు తెలిసింది. తర్వాత పది లాకుల్లోనూ నేను ఆ మాట పైకే అంటూ వచ్చాను. మనవరాలు కూడా అనడం మొదలుపెట్టింది, దాని ఇంగ్లీషు యాసతో.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. పై తలుపు కింద రాతి గడప ఒకటి లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. లాకు నిండి ఉన్నప్పుడు అది నీళ్లలో ఉండి కనపడదు. నీళ్లు దిగేటప్పుడు పడవ వెనక భాగం దాని మీద కూర్చుంటే, ముందు భాగం దిగిపోయి పడవ మునుగుతుంది. అందుకని గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది, పడవ వెనక చివర ఆ గీత దాటి ముందుకి ఉండాలి. ప్రతి లాకులోనూ గీత చూసి కేకేసే పని మనవరాలిది.

ఆ 13 లాకుల దారి చూడాలి మీరు. ఈ ఫొటో చూడండి. పైన అద్దాల మేడలు, బిటి టవర్, ఆఫీసులకి వెళ్లే జనం. మేం వాళ్ల కాళ్ల కింద ఎక్కడో ఇటుకల లోయలో ఉన్నాం. రెండు లాకుల మధ్య దూరం చాలా తక్కువ. లాకు నిండాలంటే మధ్యలో నీళ్ల నిల్వ ఉండాలి కదా, అందుకని కాలవని పక్కకి చెరువులా వెడల్పు చేశారు. ఊరు పెరిగి చోటు చాలక, తర్వాత వాళ్లు ఆ నీళ్ల మీద స్తంభాలు వేసి భవనాలు కట్టేశారు. ఒకచోట చీకటి గుహలోకి వెళ్లినట్టు రైలు వంతెన కిందికి వెళ్తాం, లాకు ఆ చీకట్లోనే ఉంది. నెత్తి మీద రైలు వెళ్తుంటే ఇటుకల మధ్య నుంచి నీటి చుక్కలు రాలి భుజం మీద పడ్డాయి. పూర్వం ఈ లాకుల వెంట కూడా గ్యాస్ దీపాలు ఉండేవట. రాత్రీ పగలూ పడవలు వరసకట్టి దిగేవి.

ఆ వంతెనల దగ్గర నేను చాలాసేపు నిలబడి చూసిన ఒక చిన్న విషయం చెబుతాను. వంతెన మూల రాయి పగిలిపోకుండా ఇనప పట్టీ వేసి ఉంటుంది. ఆ ఇనుములో వేలు పట్టేంత లోతున గాడులు పడి ఉన్నాయి, పక్కపక్కనే ఏడో ఎనిమిదో. ఎవరో చెక్కినట్టుంటాయి. కానీ అవి తాళ్లు కోసిన గాడులు. గుర్రం గట్టు మీద నడుస్తూ పడవని లాగుతుంటే, తడిసి ఇసుక పట్టిన తాడు ఆ మూల మీద ఒరుసుకుంటూ వెళ్లేది. నూటయాభై ఏళ్లు ఒరిసి ఒరిసి ఇనుమునే కోసేసింది. నా వేలు అందులో పెట్టి చూశాను. మన కాలవల మీద గుర్రాలు లేవు. గాలి లేనప్పుడు తాడు భుజానికి వేసుకుని మనుషులే గట్టు మీద వంగి లాగేవారు. ఇనుము మీద పడ్డ గాడి కనపడుతుంది. వాళ్ల భుజాల మీద పడ్డ గాడులు నేను చిన్నప్పుడు చూశాను. కాయలు కాసి నల్లగా ఉండేవి.

మధ్యాహ్నానికి 13 లాకులూ దిగి ఆస్టన్ జంక్షన్ దగ్గర పడవ కట్టి, పులిహోర తిన్నాం. దారిలో ఇద్దరు వాలంటీర్లు కలిశారు, ఒకాయన రిటైరయిన బస్సు డ్రైవరు, ఇంకొకావిడ నర్సు. జీతం లేదు. వారానికి రెండు రోజులు వచ్చి లాకుల దగ్గర చెత్త తీస్తారు, తలుపులకి రంగు వేస్తారు, మాలాంటి కొత్తవాళ్లకి సాయం చేస్తారు.

ఎందుకు చేస్తున్నారు అని అడిగాను. ఆ కథ చాలా పెద్దది గానీ కుదించి చెబుతాను. రైళ్లు, తర్వాత లారీలు వచ్చి కాలవల వ్యాపారాన్ని తినేశాయి. 1948లో ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1962-63 చలికాలంలో కాలవలు వారాల తరబడి గడ్డకట్టిపోయాయి, సరుకు వేసుకున్న పడవలు ఎక్కడివక్కడ ఇరుక్కుపోయాయి. దాంతో మిగిలిన కొద్దిపాటి రవాణా కూడా చాలామటుకు ఆగిపోయింది. పడవల్లోనే పుట్టి, వెనక ఉన్న చిన్న గదిలో పిల్లల్ని పెంచి, దాన్నే గులాబీల బొమ్మలతో, కోటల బొమ్మలతో అలంకరించుకుని బతికిన కుటుంబాలు పడవలు వదిలి గట్టు మీదికి వచ్చేశాయి. పూడ్చేసి రోడ్లు వేద్దామన్నారు కొందరు. అప్పటికే 1946 నుంచి మామూలు జనం సంఘం పెట్టుకుని, కాలవలు మూసేయొద్దని కొట్లాడుతున్నారు. పూడిపోయిన లాకుల్లోకి వాళ్లే దిగి, సెలవురోజుల్లో పారలతో బురద ఎత్తి పోశారు. 1968లో వచ్చిన రవాణా చట్టం, విహారం పడవల కోసమైనా కొన్ని కాలవలు నిలబెట్టాలని ఒప్పుకుంది. 2012లో వీటిని ఒక ట్రస్టుకి అప్పగించారు. 2,000 మైళ్ల జలమార్గాలు ఇప్పుడు దాని చేతిలో ఉన్నాయి. ఆ బస్సు డ్రైవరుగారు నాకిచ్చిన జవాబు మాత్రం ఒక్క వాక్యమే. చిన్నప్పుడు ఆ కాలవలో పడి ఉన్న పాత సైకిళ్లు చూశాడట, ఇప్పుడు కొంగల్ని చూస్తున్నాడట.

కొంగ అంటే గుర్తొచ్చింది. ఆస్టన్ లాకుల్లో ఒక బూడిదరంగు కొంగ, ఇదిగో ఫొటో, తలుపు దూలం మీదే కూర్చుంది. పలక ఎత్తగానే నీళ్లతో పాటు చేపలు వస్తాయని దానికి తెలుసు. మేం దూలం తోసే దాకా లేవలేదు.

ఆస్టన్‌లో 11 లాకులు. ఇటువైపు మేడలు లేవు. పాత ఫ్యాక్టరీ గోడలు, వాటి పగుళ్లలోంచి ఊదారంగు పూల పొదలు. ఇక్కడ ఒక లాకు దిగబోతే, కింది లాకు దాకా ఉండాల్సిన నీళ్లు లేవు. నల్లటి బురద, మధ్యలో సన్నటి ధార, ఒక టైరు, ఒక షాపింగ్ బండి. ముందు వెళ్లిన వాళ్లెవరో కింది లాకు పలక సరిగ్గా దించకుండా వెళ్లిపోయారు. రాత్రంతా నీళ్లు కారిపోయాయి. నాకు చాలా కోపం వచ్చింది. నాన్న ఉంటే ఆ పడవని రెండు ఊళ్లు వెంటపడి పట్టుకునేవారు. ఏం చేస్తాం, పలక దించేసి, మేమున్న లాకు రెండువైపుల పలకలూ కొద్దికొద్దిగా ఎత్తి, పైనుంచి నీళ్లు వదులుకుంటూ 40 నిమిషాలు కూర్చున్నాం. మరీ ఎక్కువ వదిలితే పైన ఎండిపోతుంది. బురద మీద నీళ్లు మెల్లగా పరుచుకోవడం చూస్తుంటే, నాకు దాళ్వాకి కాలవ వదిలిన మొదటి రోజు గుర్తొచ్చింది.

అక్కడికీ మనకీ ఉన్న పెద్ద తేడా ఇదే. మన కాలవలకి వెనక గోదారి ఉంది. 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక, చేలకి నీళ్లిచ్చే కాలవల్లోనే పడవలు కూడా తిరిగేలా లాకులు కట్టారు. ఒకే నీళ్లు రెండు పనులు చేశాయి. ఆ ఇంజనీర్ల దేశంలో అప్పటికి 80 ఏళ్లుగా కాలవలూ లాకులూ నడుస్తున్నాయి. 'లాకు' అన్న మాట కూడా వాళ్లతోనే వచ్చి మన నోట్లో స్థిరపడింది. బర్మింగ్‌హామ్ మెట్ట మీద ఉన్న ఊరు, పైనుంచి వచ్చే నది లేదు. పడవ ఒక లాకు దిగితే దాదాపు 85 వేల లీటర్లు పైనుంచి కిందికి పోతాయి. అదే నీళ్లు పడవ వెంట ఒక లాకు నుంచి ఇంకో లాకుకి దిగుతూ వస్తాయి. ఒక పడవ అడుగుకి చేరిందంటే పై కాలవకి ఒక లాకెడు నీళ్లు ఖర్చయినట్టు. అది ఎవరో ఒకరు పైకి తెచ్చి పొయ్యాలి. 1779లో బౌల్టన్, వాట్ కంపెనీ స్మెథిక్ దగ్గర ఆవిరి యంత్రం పెట్టి, లాకులు దిగిన నీళ్లని మళ్లీ పైకి తోడింది. జేమ్స్ వాట్ పేరు మీ పుస్తకంలో ఉంది కదా, ఆ వాటే. ఆ యంత్రం ఇప్పుడు బర్మింగ్‌హామ్ మ్యూజియంలో ఉంది, ప్రపంచంలో ఇంకా పనిచేయగల ఆవిరి యంత్రాల్లో అన్నిటికన్నా పాతది. వెళ్లి చూసొచ్చాను. అది తోడింది లాకు నీళ్లని తెలిశాక నాకు ఆ యంత్రం చుట్టమైపోయింది.

అందుకే అక్కడ లాకు దగ్గర ఒక మర్యాద ఉంది. నువ్వు దిగాలి, లాకు ఖాళీగా ఉంది, ఎదురుగా కింద నుంచి ఒక పడవ వస్తోంది. అలాంటప్పుడు నీ కోసం లాకు నింపకూడదు. ఆగాలి. ఆ పడవ లోపలికి వచ్చాక నింపితే అది పైకి వస్తుంది, నిండిన లాకులో నువ్వు దిగుతావు. ఒకే నీళ్లతో రెండు పడవల పని అవుతుంది. ఎదురు పడవ లేకపోతే, దాటాక తలుపులు మూసి, పలకలు దించి, తిరిగి చూసుకుని మరీ వెళ్లాలి. అడిగేవాళ్లు, జరిమానా వేసేవాళ్లు ఎవరూ ఉండరు.

మన సంగతి కూడా చెప్పాలి. కాకినాడ నుంచి ఏలూరు మీదుగా కృష్ణ దాటి, బకింగ్‌హామ్ కాలవ పట్టుకుని మద్రాసు దాకా పడవలో వెళ్లేవారు. నా చిన్నతనంలోనే రోడ్లు వచ్చి పడవలు తగ్గిపోయాయి. 2008లో ఈ కాలవల్ని జాతీయ జలమార్గం 4గా ప్రకటించారు. పేపర్లో చదివి నేను చాలా సంబరపడ్డాను. మొన్న మా పాత క్వార్టరు దగ్గరికి వెళ్లాను. లాకు గోడలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, అంత గట్టి రాయి. తలుపులు లేవు. తొట్టిలో ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క. అక్కడ క్రికెట్ ఆడుతున్న పిల్లాడిని ఇదేమిట్రా అని అడిగితే, "పాత గోడండి" అన్నాడు. వాడి తప్పేం లేదు. వాడికి ఎవరు చెప్పారు గనక? నేను 31 ఏళ్లు ఇక్కడే పాఠం చెప్పాను, ఒక్క క్లాసునీ ఆ లాకు దగ్గరికి నడిపించలేదు. ఆర్కిమెడిస్ సూత్రం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఆ బాధ నాకుంది. వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున్న 7 గంటలకి ఆ తొట్టిలో చెత్త తీద్దామని ఆరుగురం అనుకున్నాం. గుర్రపుడెక్క మాత్రం ఎక్కువే ఉంది, కత్తులు తెచ్చుకోవాలి.

ఆ సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. ఇరవైనాలుగో లాకు. మా పడవ దిగింది. కింది తలుపులు తెరిచాం. ఎదురుగా ఒక పాత పడవ వస్తోంది, చుక్కాని దగ్గర నా వయసావిడ. చెయ్యి ఊపి, తలుపులు అలాగే ఉంచమని కేకేసింది. పొద్దున్న నుంచి ఎదురు పడవ రావడం అదే మొదటిసారి. మా పడవ బయటికి వచ్చింది, ఆవిడ పడవ లోపలికి వెళ్లింది. మేం దిగి ఖాళీ అయిన లాకు ఆవిడకి సిద్ధంగా ఉంది. నేను గట్టు మీదే ఉండి, ఆవిడ కోసం తలుపులు మూసి, పైకి నడిచి వెళ్లి పలక ఎత్తాను. ఎవరో తెలియదు. ఆవిడ పడవ నా కళ్ల ముందు అంగుళం అంగుళం పైకి లేచింది. మా నాన్న రోజుకి ఎన్నిసార్లు చూసేవారో ఈ దృశ్యం. ఆవిడ వెళ్తూ వెళ్తూ ఒక బిస్కెట్ పొట్లం నా వైపు విసిరింది. పడవల వాళ్లు నాన్నకి కొబ్బరికాయ ఇచ్చి వెళ్లేవారు.

అక్కడ నుంచి కాసేపట్లో సాల్ఫర్డ్ జంక్షన్. నెత్తి మీద స్పఘెట్టీ జంక్షన్ అనే రోడ్ల చిక్కుముడి, 1972లో తెరిచారు. వేల కార్లు హోరుమని పోతుంటే, ఆ కాంక్రీటు స్తంభాల మధ్య కింద మూడు కాలవలు చడీచప్పుడు లేకుండా కలుస్తాయి. ఆ స్తంభాలు వేసేటప్పుడు, గుర్రం లాగే పడవ వస్తే తాడు తగులుకోకుండా చూసి మరీ చోటు ఎంచారట. మోటారు రోడ్డు కట్టే రోజుల్లో కూడా గుర్రం తాడుకి దారి వదిలారు.

ఇదిగో, ఈ విండ్లాస్ అక్కడ పాత సామాన్ల కొట్లో కొన్నాను. విమానంలో సామాను తూకంలో దీని కోసం రెండు చీరలు వదిలేశాను. బల్ల మీద పెడుతున్నాను. పిల్లలూ, ఒక్కొక్కరే రండి, పట్టుకుని చూడండి. బరువుగా ఉంటుంది, కాలి మీద పడేసుకోకండి. పిడి దగ్గర నున్నగా అరిగి ఉంది చూడండి, అక్కడ పట్టుకోవాలి.